తోమని మట్టె

మొన్న సాయంత్రం పై అంతస్తులో ఉండే అమ్మాయి మా భోజనాల బల్ల మీద ఒక జత చిన్న పట్టగొలుసులు పరిచి, వాటి మీద ఐసు ముక్క పెట్టి, గడ్డం కింద చేతులు ఆనించుకుని కూర్చుంది. ఆ అమ్మాయిది కరీంనగర్ వైపు. ఇక్కడ కలకత్తా సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్‌లోని ఏదో ఆఫీసులో పని. ఈ వీధిలో తెలుగు వినపడే ఇల్లు మాదొక్కటే కావడంతో ఉప్పు అయిపోయినా, ఊరు గుర్తొచ్చినా కిందికి దిగి వస్తుంది. పట్టగొలుసుల పక్కన స్టీలు గరిటె, దాని మీద ఇంకో ఐసు ముక్క. వెండి మీదది గరిటె మీదదానికంటే ముందు కరిగిపోవాలట, ఫోనులో ఎవరో చెప్పారట. అంతకుముందే మా ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం బొమ్మను ఊడబీకి ఒక పరీక్ష అయింది. అంటుకోలేదు. అంటుకుంటే వెండి కాదని అర్థం గానీ, అంటుకోకపోతే వెండే అని కాదమ్మా అన్నాను. దాంతో ఆ పిల్ల భయం రెట్టింపయింది. పెద్దవాళ్ళం ధైర్యం చెప్పే తీరు ఇలాగే ఉంటుంది.

"మా అక్క బిడ్డకు పుట్టెంటికలు తీస్తున్రు ఆంటీ. ఇవి ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. అక్క అత్తగారోళ్ళు చేతిల వట్టుకోంగనే చెప్పేస్తరు, వెండా కాదా అని. కాదన్నరనుకో, మాటలు పడేది మా అక్క," అంది. ఎల్లుండి ప్రయాణం. కళ్ళు ఐసు ముక్క మీదినుంచి కదలడం లేదు. వెండి మీదది ముందు కరిగిందని చివరికి తనే తేల్చింది. నాకైతే రెండూ ఒకేసారి కరిగినట్టు కనిపించాయి, తడిసింది మాత్రం మా బల్లగుడ్డ. రేపు కొట్టుకు పోదాం, నేనూ వస్తానన్నాను. వెండి అసలుదో కాదో అని ఒక మనిషి ఎంతకాలం, ఎంత గట్టిగా భయపడగలదో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నేను మా పెద్దమ్మ చేతుల్లో పెరిగాను.

మా అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. అమ్మకు అక్క అయిన పెద్దమ్మ నన్ను శ్రీకాకుళం వైపు పల్లెనుంచి ఎత్తుకొచ్చి హౌరా పక్కనున్న లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పెంచింది. పెదనాన్న అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన నోరు విప్పడమే తక్కువ, ఆ లోటు పెద్దమ్మ తీర్చేది. ఆవిడకు భయం వంటపని లాంటిది, రోజూ పొద్దున్నే మొదలుపెట్టాల్సిందే. పాలవాడు నీళ్ళు కలిపాడేమో, కందిపప్పులో ఇంకేదో పప్పు కలిసిందేమో, తక్కెడ ఒకవైపు ఒరిగిందేమో. రైలెక్కినప్పుడల్లా ఈ పెట్టెకు చక్రాలు బిగించింది నువ్వేనా అని పెదనాన్నను అడిగేది. ఆయన అవునన్నా భయమే, కాదన్నా భయమే. బంగారం గురించి బెంగ పెట్టుకునేంత బంగారం మా ఇళ్ళల్లో ఉండేది కాదు కాబట్టి, ఆవిడ అసలు బెంగంతా వెండి మీద నిలిచింది. మట్టెలు, పట్టీలు, పిల్లల మొలతాళ్ళు, కుంకుమ భరిణె. క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళు ఎవరు వెండి కొనాలన్నా పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆవిడ భయమే అందరికీ భరోసా.

కొట్టులోకి వెళ్ళాక ఆవిడ వెంటనే కూర్చోదు. సరుకు చేతిలోకి తీసుకుని ముందు అరచేతుల మధ్య నలిపి వాసన చూస్తుంది. ఇత్తడికీ రాగికీ చెమట తగిలితే ఒక కనరు వాసన వస్తుందనీ, వెండికి రాదనీ ఆవిడ నమ్మకం. తర్వాత నాలిక కొసకు ఆనిస్తుంది. ఆ తర్వాత నడుముకు దోపుకున్న తెల్ల గుడ్డ తీసి గట్టిగా రుద్దుతుంది. గుడ్డకు నల్లని చార అంటితే తల ఊపుతుంది, ఎందుకంటే అసలైన వెండి నల్లబడుతుంది, దొంగ సరుకే ఎప్పుడు చూసినా పెళ్ళికొచ్చినట్టు మెరుస్తూ ఉంటుంది. చివరికి గచ్చు మీద పడేసి చెవి ఒగ్గుతుంది. ఖంగుమని మోగి, ఆ మోత కాస్త సాగాలి. పట్టీలు తూచేటప్పుడు మువ్వలూ రాళ్ళూ లక్కా ఎంతుంటాయో అంత తగ్గించమని పట్టుబడుతుంది. జర్మన్ సిల్వర్ అని ఎవరైనా అంటే, వెండి పేరులోనే ఉంది గానీ సరుకులో లేదని కొట్టువాడికే పాఠం చెబుతుంది. లిలువా బజారులో ఆవిడ గొడుగు కనపడగానే కొందరు కొట్లవాళ్ళకు హఠాత్తుగా లోపల పని గుర్తొచ్చేది.

ఆవిడ బెంగాలీ కూడా ఆ బజారులోనే నేర్చుకున్నది. ధరలు, బరువులు, తిట్లు బాగా వచ్చు. మిగతాది తెలుగే, కాస్త యాస మార్చి వాడేది. ఇందులో ఒక తమాషా ఉంది. మా వైపు 'ఏమిటి' అనడానికి 'ఏటి' అంటాం. బెంగాలీలో 'ఏటి' అంటే 'ఇది' అని. పెద్దమ్మ కొట్టులో నిలబడి కొత్త వస్తువు చూసి "ఏటి?" అని నన్ను అడిగేది. కొట్టువాడు ఇది కావాలంటోంది కాబోలనుకుని దాన్ని తీసి ముందు పెట్టేవాడు. ఆవిడ మళ్ళీ "ఏటి?" అనేది. అతను ఇంకోటి తీసేవాడు. అలా ఒక్కోసారి కొట్టు సగం ఖాళీ అయ్యేది. ఇంటికొచ్చాక పెద్దమ్మ, "ఆడికి నానంటే ఎంత బయమో సూసేవా, అడక్కముందే అన్నీ తీసి పెడతాడు," అనేది. నేను సరిదిద్దలేదు. ఒక మాట రెండు భాషల్లో రెండు దారులు పడితే ఎంత దూరం పోగలదో అప్పటికి నాకు తెలియదు మరి.

నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి వాళ్ళూ మావైపు వాళ్ళే. వాట్‌గంజ్‌లో ఉండేవారు, మామగారు డాక్‌లో పనిచేసేవారు. మా ఇళ్ళల్లో మట్టెలు పుట్టింటివాళ్ళు తేవాలి, పెళ్ళికొడుకు పీటల మీద తొడగాలి, ఒకసారి తొడిగాక ఊరికే తీయకూడదు. పెద్దమ్మకు నిద్ర పట్టడం మానేసింది. తల్లి లేని పిల్లను పంపుతున్నాం, పెట్టింది ఏ కాస్త తక్కువైనా తల్లి ఉంటే ఇలా జరుగునా అంటారు అని ఆవిడ గుబులు. చీరలు, గిన్నెలు, పరుపు, దేన్ని చూసినా ఆ మాటే. వాటన్నిటిలోకీ మట్టెలు చిన్నవి, కానీ అత్తగారి కళ్ళు రోజూ పడేది కోడలి కాళ్ళ మీదే కదా అని మట్టెల దగ్గర మరీ గాభరా పడింది.

మేమిద్దరం వెళ్ళిన రోజు జోరు వాన. కరెంటు పోయింది. పెద్దమ్మ ఎప్పుడూ వెళ్ళే కొట్టు మూసి ఉంది, రెండు గుమ్మాల అవతల కొత్త కొట్టులో దూరాం. రేకుల కప్పు మీద వాన మోతలో ఆవిడ మట్టెను గచ్చు మీద పడేస్తే ఏమీ వినపడలేదు. వాసన చూసింది, లేదు. నాలికకు ఆనించింది, బాగుంది. గుడ్డకు నల్లచార అంటింది. ఇక మిగిలింది గీటురాయి. రాయి మీద గీసి చూస్తే తేలిపోతుంది. కానీ గీటురాయి మాట ఎత్తిందీ ఆవిడే, పెళ్ళి మట్టె మీద పెళ్ళికి ముందే గీత పడకూడదని వద్దన్నదీ ఆవిడే. చివరగా కొట్టతన్ని, "భాలో తో, దాదా?" అని అడిగింది. బాగున్నాయి కదా అని. అతను పెద్దమనిషి, నిదానంగా చెప్పాడు: "ఖూబ్ భాలో, మాషిమా. రుపోర్ జొల్ కరా." చాలా బాగున్నాయి పిన్నీ అని. రుపో అంటే వెండి. జొల్ అంటే నీళ్ళు. పెద్దమ్మ ముఖం విప్పారింది.

"ఇన్నావా? ఎండి నీలల్లో కడిగీసి ఇస్తన్నాడంట. పెళ్ళికూతురికని సెప్పకండానే గ్రయించేడు," అంది నాతో. మనం చింతపండు నీళ్ళల్లో తోమినట్టు వాళ్ళు వెండికని ఏవో నీళ్ళు పెట్టుకుని కడుగుతారు కాబోలని నేనూ అనుకున్నాను. ఇంటికొచ్చి క్వార్టర్స్‌లో అందరికీ ఆ మట్టెలు చూపించి, వెండి నీళ్ళల్లో కడిగిన సంగతి కూడా చెప్పింది. అడిగిన ధరకు మారుమాట లేకుండా ఇచ్చేశాడని కూడా చెప్పుకుంది. మామూలుగా అయితే అలాంటివాణ్ణి ఆవిడ రెండు రోజులు అనుమానించి ఉండేది.

పెళ్ళి బాగా జరిగింది. మా వారు మట్టెలు తొడిగారు. భోజనాలప్పుడు పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ మెడనిండా పెద్ద హారం వేసుకుని వచ్చింది. పెద్దమ్మ ఆ హారం చేత్తో పట్టుకుని, ఎంత బాగుందో, ఎన్ని తులాలో అని మెచ్చుకుంటే ఆవిడ నవ్వేసి, "దూర్ దీదీ, షోనా కోథాయ్? షోనార్ జొల్ కరా," అంది. బంగారం ఎక్కడిది అక్కా, పైన బంగారు పూత అంతే అని. లోపల ఇత్తడట. ఆ మాట అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను గానీ నా ధ్యాస నా కొత్త చీర మీద ఉంది. పెద్దమ్మ చేతిలోని గరిటె ఆగిపోవడం మాత్రం చూశాను. వడ్డించడం మరిచిపోయిందనుకున్నాను.

అప్పగింతల వేళ అందరూ ఏడుస్తున్నారు. పెదనాన్న కూడా కండువాతో ముఖం కప్పుకున్నారు. పెద్దమ్మ ఏడవలేదు. నన్ను గట్టిగా కావలించుకుని చెవిలో, "మట్టెలు తోమకు," అంది. నేను సరిగ్గా వినలేదనుకుని తల ఎత్తాను. "సింతపండు తగలనీకు. బూడిద తగలనీకు. నల్లగుంటే ఉండనీ. తోమకు, నా గుంటా." ఏ తల్లి అయినా ఆ సమయంలో అత్తమామలను బాగా చూసుకో అంటుంది, ఉత్తరం రాయమంటుంది. నేను మాత్రం కాలి గోళ్ళ దగ్గరి మసి గురించి ఆజ్ఞ అందుకుని మెట్టినింటికి బయలుదేరాను.

మొదటిసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆవిడ తలుపు గడియ పెట్టి మరీ చెప్పింది. షోనార్ జొల్ సంగతి, రుపోర్ జొల్ సంగతి. "ఎండో కాదో నాకు తెల్దు. పైన పూతే అయితే తోమినకొద్దీ పసుపు బయటికొస్తాది. మీ అత్త సూస్తాది. తల్లి నేని గుంటకి ఇత్తడి తొడిగి పంపీసేరని అంటాది. నన్నంటే అననీ. జనమంతా నిన్ను అలాగే సూస్తారు." వేరే జత కొని మార్చేద్దామా అన్నాను. పెళ్ళిపీటల మీద మొగుడు తొడిగినవి తీసేస్తావా అని నోరు మూయించింది. పైగా ఒకవేళ అవి వెండే అయితే, ఉత్తి పుణ్యానికి తీసి అపశకునం తెచ్చుకున్నట్టు కాదా? తెలుసుకోవాలంటే తోమాలి, తోమితే తెలిసిపోతుంది. ఆ రెంటి మధ్యా మేమిద్దరం ఇరుక్కుపోయాం.

మా అత్తగారి ఇల్లు ఇరుకే గానీ అద్దంలా ఉండేది. ఆవిడ ఎక్కువ మాట్లాడరు, ఎక్కువ తోముతారు. చెంబులు, గుమ్మం గొళ్ళెం, మామగారి డాక్ బిళ్ళ, ఏదైనా సరే ఆవిడ చేతిలో పడితే మెరవాల్సిందే. అలాంటి ఇంట్లో కొత్త కోడలి మట్టెలు కలకత్తా చెమ్మకూ డాక్ పొగకూ వారం వారం నల్లబడుతూ వచ్చాయి. నేను పారాణి దట్టంగా పూసుకునేదాన్ని, చీర కుచ్చిళ్ళు నేలకు జీరాడేలా కట్టుకునేదాన్ని. స్నానంలో కాలివేళ్ళకు సబ్బు కూడా తగలనిచ్చేదాన్ని కాదు. ఒకసారి అత్తగారు నా కాళ్ళవైపు చూసి, "మీ ఇంట్లో సింతపండు వాడరేటమ్మా?" అన్నారు. పప్పులో వేస్తామండి అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగకపోయేసరికి మరీ భయం వేసింది.

పెద్దమ్మ ఏదో ఒక వంక పెట్టుకుని లిలువా నుంచి హౌరాకు రైల్లో, అక్కడినుంచి బస్సులో వాట్‌గంజ్ వచ్చేది. ఒకసారి ఊరగాయ, ఒకసారి నువ్వులుండలు, ఒకసారి నేను పుట్టింట్లో మరిచిపోయానని ఒక దువ్వెన. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ చూపు సూటిగా నా కాళ్ళ మీదికి పోయేది. నల్లగా ఉన్నాయని చూసుకుని ఊపిరి వదిలి, అప్పుడు ముఖంలోకి చూసి బాగున్నావా అనేది. అత్తగారు ఇదంతా గమనిస్తూ కాఫీ ఇచ్చేవారు. వియ్యపురాలు ఇంత దూరం వచ్చి కోడలి కాళ్ళు చూసుకుని పోతుందేమిటని ఆవిడకు అనిపించే ఉంటుంది.

మరుసటి ఏడు శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున్న అత్తగారు పెరట్లో పీట వేసుకుని పూజ సామాను తోముతున్నారు. నేను నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. ఆవిడ తల ఎత్తకుండానే, "కాలిలా ఎట్టు," అన్నారు. నేను వెనక్కి జరిగాను. ఆవిడ చెయ్యి చాచి నా ఎడమ పాదం పట్టుకుని మోకాలి మీద పెట్టుకున్నారు. పెద్దావిడ నా కాలు పట్టుకుందే అన్న సిగ్గు కంటే, ఆ చేతిలో ఉన్న చింతపండే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండుసార్లు రుద్దారు. మసి పోయింది. ఇంకోసారి రుద్దారు. మట్టె అంచు వెంట పసుపు రంగు సన్నగా తేలింది. ఆవిడ బొటనవేలితో దాన్ని తుడిచి చూశారు. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. తల్లి లేని పిల్ల అన్న మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆ మాట రాలేదు. కుడికాలు ఇమ్మని అడగలేదు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు నన్ను తీసుకుని బౌబజార్ వెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. ట్రాములో ఆవిడ పక్కన కూర్చుని నన్ను ఇటునుంచి ఇటే పుట్టింటికి పంపేస్తారా అని కూడా ఆలోచించాను. ఆవిడ వెండి కొట్టు ముందు ఆగారు. మా అత్తగారు బేరం చేసే తీరు పెద్దమ్మ తీరుకు పూర్తిగా వేరు. వాసన లేదు, నాలిక లేదు, గచ్చు మోత లేదు. ఒక జత చుట్టు మట్టెలు ఎంచి, కొట్టువాణ్ణి ఒకటే ప్రశ్న అడిగారు: దీన్నే రేపు తిరిగి తెస్తే వెండి కింద ఎంత బరువుకు తీసుకుంటావు? అతను కాస్త తరుగు పోను మిగతాదంతా అన్నాడు. ఆ మాట రసీదు మీద రాసిమ్మన్నారు. రాశాడు. అంతకుముందు వెళ్ళిన ఇంకో కొట్టులో అదే ప్రశ్నకు అక్కడి కొట్టువాడు నీళ్ళు నమలడం నేను చూశాను. వెండి కొనేవాళ్ళకు ఇప్పటికీ నేను చెప్పే మొదటి సలహా ఇదే. అమ్మేటప్పుడు అందరూ స్వచ్ఛమైనదనే అంటారు, తిరిగి కొనేటప్పుడే నిజం పలుకుతారు.

ఇంటికొచ్చాక నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ ఒకేసారి బోసిపోకూడదని ముందు ఎడమకాలిది విప్పి కొత్తది తొడిగి, తర్వాత కుడికాలిది విప్పారు. పాతవి నా చేతిలో పెట్టారు. "పారీకు. మీ పెద్దమ్మకి సెప్పకు. పెద్ద మనిసి, కుమిలిపోతాది." అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ ప్రసక్తి ఎత్తలేదు. నాకప్పుడు ఏడుపు ఆగలేదు. ఏడాదిగా ఎవరిని చూసి భయపడ్డానో ఆవిడ ఒళ్ళోనే తల పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ నా తల నిమరలేదు, అలా నిమిరే మనిషి కాదు. కాళ్ళు మాత్రం కదపకుండా కూర్చున్నారు.

ఇక నేను చేసిన పని ఏమిటంటే, ఆ కొత్త మట్టెలను చింతపండుతో తళతళలాడేలా తోముకుని లిలువా వెళ్ళాను. పెద్దమ్మ తలుపు తీసి అలవాటుగా కిందికి చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది. "తోమేను పెద్దమ్మా. ఎన్నిసార్లు తోమినా ఏం కాలేదు. ఎండే. నువ్వే ఊరికే బెంగెట్టుకున్నావు," అన్నాను, ముందే వల్లె వేసుకున్న మాటలు. ఆవిడ ఇంకోసారి మట్టెలవైపు చూసింది. తర్వాత, "అలాగా. మరైతే మంచిదే," అని వంటింట్లోకి వెళ్ళి, పెసరట్లు పోస్తానని వెళ్ళిన మనిషి ఎంతకీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి వెలిగించలేదు. పెద్దమ్మ నమ్మేసిందని నాకు పట్టరాని సంతోషం. ఆ రోజునుంచి ఆవిడ నా కాళ్ళు చూడటం మానేసింది. గుమ్మంలోకి రాగానే ముఖమే చూసేది.

చాలా ఏళ్ళు గడిచాయి. పెదనాన్న పోయారు, అత్తగారు పోయారు, మేము వాట్‌గంజ్ వదిలి సాల్ట్ లేక్ వచ్చాం. పెద్దమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. చివర్లో ఆవిడకు కళ్ళు కనపడేవి కావు. ఒక మధ్యాహ్నం మంచం మీద ఆవిడ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఆవిడ చెయ్యి తడుముకుంటూ నా పాదం దగ్గరికి వచ్చింది. మట్టెను వేళ్ళతో తిప్పి చూసింది.

"మీ అత్త కొన్నదే కదా, ఇది," అంది.

ఎలా తెలుసు అని అడిగాను.

"నీ పెళ్ళయిన వారానికే ఆ కొట్టుకి ఎల్లేను. ఆడు అబద్దమాడనేదే. ముందే సెప్పేను కదా మాషిమా, పూతని, అన్నాడు. సెప్పేడు. నాకే తెల్లేదు. నోకమంతా నన్ను మోసం సేస్తాదని బయపడీదాన్ని, ఆడు నిజం సెప్తే ఇన్లేకపోయేను." కాస్త ఊపిరి తీసుకుంది. "ఇత్తడని నాకు తెలుసును. నీకు ఎండో కాదో అని సెప్పేను, నువ్వు కాస్తన్నా దైర్నంగా ఉంటావని. అలాంటిది, తోమేను తెల్లగొచ్చింది అన్నావు. నావి తోమితే తెల్లగొస్తాయేటి, గుంటా?"

అంటే నేను ఆవిడకు ధైర్యం కోసం చూపించిన మెరుపే ఆవిడకు అసలు సంగతి చెప్పేసింది. ఇన్నేళ్ళూ నేను దాచాననుకున్నాను, ఆవిడ దాచింది. మరి ఆ వేళ ఎందుకు అడగలేదు అన్నాను.

"ఏటడుగుతాను? ఎవులో నీకు ఎండి కొని తొడిగేరు, నిన్ను మాటనకండా, నన్ను మాటనకండా. మీ అత్తే అయ్యుండాల. పొయ్యికాడ కూకుని అదే అనుకున్నాను. మరింక కాళ్ళు సూడక్కర్లేదు, ఈ గుంట మంచింట్లో పడ్డాది అని." నా పాదం వదలకుండానే నిద్రపోయింది. ఆ వానాకాలం దాటలేదు.

నిన్న పై అంతస్తు అమ్మాయితో కొట్టుకు వెళ్ళేటప్పుడు, ఎందుకో ఆ పాత మట్టెలున్న రేకు డబ్బా కూడా సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు వాసనలూ నాలికలూ లేవు. ఒక పెట్టెలాంటి మిషన్‌లో వస్తువు పెడితే గీత కూడా పడకుండా అందులో ఏ లోహం ఎంతుందో అంకెల్లో చెప్పేస్తుంది. పట్టగొలుసుల కొక్కెం దగ్గర హాల్‌మార్క్ ముద్ర భూతద్దంలో చూపించాడు కొట్టబ్బాయి, మిషన్ కూడా వందకు తొంభై రెండున్నర పాళ్ళు వెండి అని తేల్చింది. మువ్వల్లో గింజలు మాత్రం వెండి కావట, ఎక్కడా ఉండవట. ఆ అమ్మాయి కుర్చీలో కూలబడి నీళ్ళు అడిగింది. రెండు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేదు. ఇకమీదట కొంటే తిరిగి ఎంతకు తీసుకుంటారో ముందు అడగమని చెప్పాను. ఫోనులో రాసుకుంది.

అప్పుడు నా ఒళ్ళో డబ్బా చూసి మూత తీసింది. ఒక మట్టె అంచు వెంట పసుపు తేలి ఉంది. రెండోది నిలువెల్లా నల్లగా ఉంది. "ఈ నల్లది గూడ మిషన్ల పెడదమా ఆంటీ? ఒక్క నిమిషంల తెలుస్తది," అంది. కొట్టబ్బాయి చెయ్యి చాచాడు. కుడికాలిది అది. మా అత్తగారు రుద్దకుండా వదిలేసినది, నేనూ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చింతపండు తగలనివ్వనిది. వద్దులే అని మూత పెట్టేశాను. అమ్మాయి అర్థం కానట్టు చూసింది. మా పెద్దమ్మ దాన్ని తోమొద్దందమ్మా అన్నాను. ఏళ్ళు మా అందరినీ తోముకుంటూ, ఒక్కొక్కరినే అరగదీసుకుంటూ పోయాయి. ఆ ఒక్క మట్టెను మాత్రం నేను వాటి చేతికి ఇవ్వలేదు.